బాబీ ఎడమచెవి

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి డీజే బాబీ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వెంటనే దారి చెప్పరు. ముందు ఒక కథ చెబుతారు. మెట్టపేట అమ్మవారి పండగలో అతని బాక్సుల దెబ్బకు నాగావళి అవతలి ఒడ్డున కొబ్బరికాయలు రాలాయని ఒకరంటారు. అవి ఏరుకున్నవాళ్లు ఏరు దాటి వచ్చి మరీ దండం పెట్టిపోయారని ఇంకొకరంటారు. పొందూరు పెళ్లిలో బేస్ పెంచేసరికి గేదెలు పాలు మానేసి ఏకంగా పెరుగే ఇచ్చాయని మూడో మనిషి ప్రమాణం చేస్తాడు. వీటిలో మొదటిది అబద్ధం, తక్కిన రెండూ పచ్చి అబద్ధాలు. నాలుగో మాట ఒకటుంది. బాబీ ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళితే అతుకు తెలియదని. అది మాత్రం ఒట్టేసి చెప్పదగ్గ నిజం. నిజం అని చెప్పాలంటే, ఎడమచెవి పాడవనంత కాలం నిజం.

బాబీ అసలు పేరు అప్పలసూరి. ఆ పేరుతో పిలిచిన ఒకే ఒక్క మనిషి బడి హాజరు తీసుకున్న మేష్టారు. పదో తరగతి పరీక్ష రెండుసార్లు అతన్ని తప్పించింది, మూడోసారి అతనే పరీక్షను తప్పించుకుని డీజే బండెక్కాడు. వెనక జనరేటరు, నాలుగు వైపులా బాక్సులు, మధ్యలో మనిషి కూర్చునేంత గూడు. ఆ గూట్లోనే అతని యవ్వనం గడిచింది. పెళ్లి ఊరేగింపు, వినాయకుడి నిమజ్జనం, పంచాయతీ గెలుపు, ముసలాయన సాగనంపు, దేనికైనా అదే బండి.

మొదట్లో అతను కూడా అందరిలాగే కలిపేవాడు. రెండు పాటల వేగం ఒకటయితే చాలు, ఒకదాని మీదకు ఒకటి తోసేయడమే. అలా తోసేసిన ఒక పెళ్లిలో మేనమామ తిరుమలరావు బండి దగ్గరికి వచ్చాడు. అన్నంలో రాయి తగిలిన మొహం.

"ఒరే, ఆ రెండు పాటలకీ ఏటైనా సుట్టరికం ఉన్నాదా?"

"స్పీడు కలిసింది గదా మావా."

"స్పీడు రెండు ఎడ్లబళ్లకీ కలుస్తాది. శ్రుతి కలిసిందా అని అడుగుతన్నాను."

తిరుమలరావుకు ఎకరన్నర పొలం ఉంది గాని ఊళ్లో ఎవరూ ఆయన్ను రైతు అనలేదు. హార్మోనీ తిరుమలరావు అన్నారు. బొబ్బిలి నుంచి టెక్కలి వరకు ఎక్కడ పద్యనాటకం ఆడినా స్టేజీ కింద కాలితో తొక్కే ఆ పెద్ద హార్మోనియం ముందు ఆయనే ఉండేవాడు. కింద రెండు పలకలు కాళ్లతో తొక్కుతుంటే గాలి పుట్టేది, పైన రెండు చేతులూ మెట్ల మీద తిరిగేవి. నాటకాల వాళ్లు దాన్ని పెట్టె అంటారు. ఆ పెట్టెలో పులి ఉందనీ, తాళం తప్పిన నటుణ్ని తినేస్తుందనీ పిల్లల్ని బెదిరించేవారు. పెద్ద నటులు కూడా కొంచెం నమ్మినట్టే ఉండేవారు.

ఆ పెళ్లయిన వారం మావ మేనల్లుణ్ని పెట్టె ముందు కూర్చోబెట్టాడు.

"ఇది నీ ఇల్లనుకో," అని ఒక మెట్టు నొక్కాడు. "ఇక్కణ్ణించి బయల్దేరితే పా మీదకైనా ఎల్లు, మా మీదకైనా ఎల్లు. సక్కా రానిస్తారు. ఈ పక్క మెట్టు దగ్గరగా ఉన్నాది గదాని దూకేవనుకో, కాలిరుగుతాది."

"పక్కనే ఉన్నాది గదా మావా."

"మీ పక్కింటోళ్లు నీకు సుట్టాలేట్రా? ఇదీ అంతే."

బాబీ నవ్వేశాడు గాని ఆ మాట పట్టుకున్నాడు. ఆ తరువాత ప్రతి పాటకూ ఇల్లు వెతికాడు. ఏ పాట ఏ శ్రుతిలో ఉందో, దాని సా నుంచి పా దూరంలో ఇంకే పాట ఉందో చెవితో పట్టుకుని వరస కట్టుకునేవాడు. ఎడమచెవికి హెడ్‌ఫోన్, కుడిచెవి వీధికి. ఎడమచెవిలో రాబోయే పాట, కుడిచెవిలో మోగుతున్న పాట, రెండూ తలలో కలిసి ఒకటైనప్పుడు మీట పైకి తోసేవాడు. చిందులేస్తున్నవాళ్లకు శ్రుతి అంటే తెలియదు. అయినా మిగతా బళ్ల దగ్గర పాట మారినప్పుడల్లా ఆగి చెమట తుడుచుకునే జనం బాబీ బండి దగ్గర ఆగడం మరిచిపోయేవారు. ఒక పెళ్లికొడుకు అలా ఆగకుండా ఆడి ముహూర్తం దాటించాడని చెప్పుకుంటారు. పెళ్లికూతురు కూడా అక్కడే ఆడుతోంది కాబట్టి గొడవ రాలేదట.

ఎక్కడో ఫోన్‌లో విని అతను ట్రాన్స్ అనే విదేశీ డాన్సు సంగీతానికి పడిపోయాడు. మాటలుండవు. దెబ్బ ఒకటే పరుగున పోతుంటే పైన ఒక రాగంలాంటిది మెల్లగా కమ్ముకుంటుంది. సగం దారిలో దెబ్బ మొత్తం ఆగిపోయి స్వరాలు మాత్రమే పొగలా నిలబడతాయి. కలిపేవాడి అసలు పరీక్ష అక్కడే. డప్పు చాటున దాక్కోవడానికి ఉండదు. రెండు పాటల స్వరాలు ఒకదాని మీద ఒకటి బట్టల్లేకుండా నిలబడతాయి. చుట్టరికం లేకపోతే వీధి మొత్తానికీ తెలిసిపోతుంది.

మావ తిడతాడని భయపడుతూనే ఒక పాట ఆయనకు వినిపించాడు. తిరుమలరావు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇందులో మాట లేదు, అదొక సుఖం," అన్నాడు. "ఒక్క స్వరం పట్టుకున్నాడు సూడు, ఒదల్డం లేదు. ఈడెవడో గాని ఆలాపన తెలిసినోడే."

లేచి వెళ్లి పెట్టె తొక్కాడు. పాట ఒకవైపు, పెట్టె ఒకవైపు. కలవలేదు. ఆ పెట్టె ముసలిది. లోపలి ఇత్తడి రీడ్లను గీకి గీకి ఆయన తన నాటకాల వాళ్ల గొంతులకు సరిపెట్టుకున్నాడు. లోకంలోని ఏ వాయిద్యంతోనూ అది సరిగ్గా కలవదు. రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంటుంది.

"నా పెట్టె కదల్దు. నీ పెట్టె కదుపు."

బాబీ తన యంత్రం మీద పాటను వెంట్రుకంత కిందికి జరిపే మీట పట్టుకుని జరిపాడు. ఇంకాస్త. ఇంకాస్త. ఒకచోట రెండు చప్పుళ్లు కొట్టుకోవడం మాని ఒకటే ధారగా అయిపోయాయి. మావ వాయిస్తూనే ఉన్నాడు. ఎంత జరిపావని తరువాత ఎవరో అడిగితే బాబీ భుజాలెగరేశాడు. రాసుకోవడం చెవి లేనివాళ్ల పనని మావకూ అల్లుడికీ ఇద్దరికీ గర్వం. ఈ కాలం లాప్‌టాప్‌లు ప్రతి పాట పక్కనా దాని శ్రుతిని అంకెగా చూపిస్తాయి. బాబీ ఆ అంకెలు కనిపించేచోట అసిరితల్లి స్టిక్కరు అంటించి, ఇక మీదట తల్లే చూసుకుంటుందన్నాడు.

మావ కూతురు అనితనే చేసుకున్నాడు. మోకాళ్లు నొప్పెట్టి తిరుమలరావు తొక్కలేని రాత్రుల్లో చిన్నప్పటి అనిత పెట్టె కింద దూరి పలకలు చేతుల్తో నొక్కేది. నాటకం ఏదైనా ఆమెకు కనిపించింది తండ్రి పాదాలే, వినిపించింది మాత్రం అంతా. పెళ్లయ్యాక సాయంత్రాలు వాకిట్లో మావ పెట్టె, అల్లుడి ట్రాన్స్ కలిసి మోగుతుంటే ఆమె లోపల్నుంచి కేకేసేది.

"నాన్నా, నీ అల్లుడు కొంచెం కిందికున్నాడు, సూడు."

"ఉన్నాడే. ఎక్కుతన్నాడు," అనేవాడు ఆయన.

అలాంటి ఒక సాయంత్రమే మావ తన కోరిక చెప్పాడు. "నాను పోతే డప్పులొద్దురా. ముందు నా పెట్టె మోగాల. దాని మీదకి నీ పాట ఎక్కాల. దింపుడుకళ్లం దాటి కాటిదాకా ఆ రెండూ ఒక్కటిగా నడవాల. అతుకు తెలిసిందనుకో, పాడె మీంచి లేసొచ్చి తంతాను."

"లేసొస్తానంటే కావాలనే తప్పు వాయిస్తాను మావా."

"నీ సేత కాదురా. తప్పు వాయించాలన్నా సెవుండాల."

ముగ్గురూ నవ్వుకున్నారు. బాబీ సరేనన్నాడు.

చెవి సంగతి ముందు బయటపెట్టింది కుక్కర్. ఒక ఉదయం అది విజిల్ వేస్తే బాబీకి రెండు విజిళ్లు వినిపించాయి. కుడిచెవిలో ఒకటి, ఎడమచెవిలో దానికి కొంచెం కింద ఇంకొకటి. వేలు పెట్టి ఒక చెవి మూశాడు, ఇంకోటి మూశాడు. అవును, ఒకే విజిల్‌కు రెండు శ్రుతులు. వీటి వెనక, ఎండాకాలం కీచురాయిలాంటి మోత ఒకటి పగలూ రాత్రీ ఆగకుండా ఉండేది. దానికి ఎప్పుడో అలవాటు పడిపోయాడు.

శ్రీకాకుళంలో డాక్టరు యంత్రం పెట్టి చూసి, బాక్సుల మధ్య బతికినవాళ్లకు ఇది వస్తుందనీ, పోయింది తిరిగి రాదనీ, మిగిలింది కాపాడుకోమనీ చెప్పాడు. బాబీ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. జలుబు నీరు దిగిందట అన్నాడు అనితతో. అసిరితల్లి స్టిక్కరును ఎవరూ లేనప్పుడు గోటితో గీకి తీసేశాడు. అప్పట్నుంచి అంకెలు చూసి కలిపేవాడు. జనం ఎప్పట్లాగే ఆడారు. కొబ్బరికాయల కథ ఇంకో రెండు ఊళ్లకు పాకింది. బాబీ మాత్రం, తన పేరు పెట్టుకుని ఇంకెవడో బండి మీద కూర్చున్నట్టు ముభావంగా కూర్చునేవాడు. మావ వాకిట్లో పెట్టె తొక్కుతూ పిలిస్తే పనుందని తప్పుకునేవాడు. "పెద్దోడైపోయేవురా," అని మావ నిష్ఠూరమాడేవాడు. అదొక్కటే ఆయన చివరి ఏడాదిలో అల్లుడి మీద ఉన్న ఫిర్యాదు. చెప్పేద్దామని బాబీ చాలాసార్లు అనుకున్నాడు. చెవి పోయిందన్న మాట ఊళ్లో ఎవరికైనా చెప్పవచ్చు గాని, ఆ చెవి ఇచ్చిన మనిషికి ఎలా చెబుతాడు.

వరి నాట్ల రోజుల్లో ఒక తెల్లవారుజామున తిరుమలరావు గట్టు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు.

పొద్దెక్కేసరికి వాకిలి నిండిపోయింది. నాటకాల పాత జట్టులో మిగిలినవాళ్లంతా వచ్చారు. రాజు వేషాలు కట్టిన ధనరాజు పళ్లన్నీ ఊడి, కర్ర పట్టుకుని, అయినా రాజులాగే వచ్చాడు. డప్పుల వాళ్లను ఎవరో పిలవబోతే అనిత ఆపింది. "నాన్న మాట తీసుకున్నాడు. బావ వాయిస్తాడు," అంది. తండ్రి పెట్టె వాయిస్తుండగా తాను ఫోన్‌లో పట్టిన ఆలాపన బాబీకి పంపింది.

బాబీ బండెక్కి గూట్లో కూర్చున్నాడు. ఆలాపనను లాప్‌టాప్‌లోకి ఎక్కించి అంకె కోసం చూశాడు. యంత్రం ఒకసారి ఒక అంకె చూపించింది, మళ్లీ అడిగితే ఇంకోటి. మావ పెట్టె రెండు మెట్ల నడుమ ఉంటుందని యంత్రానికేం తెలుసు. ట్రాన్స్ పాటను ఎంత కిందికి జరపాలో చెప్పేవాడు లేడు. వాకిట్లో పడుకున్న మనిషికి తెలుసు. ఎక్కడా రాసిలేదు.

ఇక చెవే గతి. హెడ్‌ఫోన్ ఎడమచెవికి పెట్టి జరుపుతూ పోయాడు. ఒకచోట కలిసినట్టే అయింది. చెవి మార్చి కుడికి పెట్టాడు. కలవలేదు. కుడిలో కలిసేదాకా జరిపి ఎడమకు తెచ్చాడు. మళ్లీ కొట్టుకుంటోంది. ఏ చెవి అబద్ధం చెబుతోందో చెప్పడానికి మూడో చెవి కావాలి. బయట పాడె లేపుతున్నారు. ఇన్నేళ్లు పాటల్ని కలిపింది ఎడమచెవి, మావ దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఎడమచెవి. బాబీ దాన్నే నమ్మాడు.

వీధి మొదట్లో పెట్టె ఒక్కటే మోగింది. బాక్సుల్లోంచి అంత పెద్దగా తిరుమలరావు వేళ్లు వినిపించేసరికి ఆడవాళ్ల ఏడుపులు ఒక్కసారి ఆగి, మళ్లీ ఎగిశాయి. బాబీ మీట పైకి తోశాడు. దెబ్బ మొదలైంది, కుర్రాళ్లు చేతులెత్తారు, అంతా బాగానే ఉంది. ఆ తరువాత పాట సగం దారికి వచ్చి దెబ్బ ఆగింది. పెట్టె స్వరం మీద ట్రాన్స్ స్వరం నిలబడింది.

బాబీకి చక్కగా వినిపించింది. అలాంటప్పుడు జనం మొహాలు చూడడం అతనికి అలవాటు, చూశాడు. కుర్రాళ్లకేం పట్టలేదు. పాడె వెనక నడుస్తున్న నాటకాల ముసలివాళ్లు ఒకరి తరువాత ఒకరు తలలు తిప్పారు. ధనరాజు నడుస్తూనే చెయ్యి పక్కకు చాపి అరచేతిని నేల వైపు రెండుసార్లు అదిమాడు. స్టేజీ మీద పద్యం మధ్యలో నటుడు నోరు ఆపకుండా హార్మోనిస్టుకు చేసే సైగ అది. కిందికి దించు అని. ఆ సైగ చేస్తున్నట్టు ధనరాజుకే తెలిసినట్టు లేదు. చెయ్యి దానంతటది చేసింది.

బాబీ కొంచెం దించాడు. ఎడమచెవిలో అది ఘోరంగా చీలిపోయింది. ముసలాయనకు మతి చెడిందనుకుని మళ్లీ పైకి తెచ్చాడు. అరచెయ్యి మళ్లీ నేల వైపు అదిమింది. తప్పు తన చెవిదేనని అప్పుడు అర్థమైంది. బాబీ రెండు పాటలనూ ఆపేశాడు. జనరేటరు మోత తప్ప ఏమీ లేకుండా పాడె దింపుడుకళ్లం దాకా వెళ్లింది.

అక్కడ శవాన్ని కిందికి దింపి, చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని. కొడుకులు లేరు కాబట్టి మేనల్లుడూ అల్లుడూ అయిన బాబీ పిలవాలి. బండి దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మావా," అన్నాడు. "మావా," అన్నాడు మళ్లీ. మూడోసారి ఇంకా కిందికి వంగాడు. చెవిలో చెప్పింది పక్కనున్న అనితకు మాత్రమే వినిపించింది. "అతుకు తెలిసిపోయింది మావా. లేసి తన్ను."

ఆయన లేవలేదు.

ధనరాజు కర్ర మీద వాలి నిలబడ్డాడు. "ఏటైందిరా నీకు? పెట్టె నీ మావదే. పక్కన కూకున్నోడు మాత్రం నువ్వు కాదు. ఎవడో పరాయోడు."

బాబీ తల దించుకున్నాడు. "ఎడమచెవి పోయింది పెదనాన్నా. కుడిది కూడా పోతన్నాది."

ఆడవాళ్లు అక్కడినుంచే వెనక్కి తిరగాలి. తిరుగుతున్నారు కూడా. అనిత కదల్లేదు.

"జలుబన్నావు గదా," అంది.

బాబీ మావ మీద కప్పిన బట్ట సర్దాడు.

"ఎన్నాళ్ల బట్టి బావా?"

"ఏడాది పైనే."

"నాన్న నీ కోసం వాకిట్లో కూకుని పిలిసేవాడు. అందుకేనా రాలేదు?"

అతను తలూపాడు. ఆమె అతని మొహం వంక కాసేపు చూసింది. తండ్రి మొహం వంక చూసింది. కొంగు నడుముకు దోపుకుని బండి వైపు నడిచింది.

"ఎక్కడికే? ఆడోళ్లు రాకూడదు," అంది మేనత్త చిన్నతల్లి. ఆవిడ బాబీ తల్లి, పోయినాయనకు స్వయానా చెల్లెలు.

"పెట్టె కింద నాను కూకుంటేనే ఆయన వాయించేవాడత్తా. ఇయ్యాలొక్కడే ఎలా వాయిస్తాడు?"

చిన్నతల్లి పక్కకు తప్పుకుంది. మగవాళ్లు ధనరాజు వంక చూశారు. ధనరాజు ఆకాశం వంక చూశాడు. ఈలోగా ఆమె గూట్లోకి ఎక్కేసింది. బాబీ వెనకే ఎక్కి శ్రుతి జరిపే మీట చూపించాడు, హెడ్‌ఫోన్ తన మెడలోంచి తీసి ఆమె తలకు పెట్టాడు. ఇన్నేళ్లలో దాన్ని ఇంకెవరి తలకూ పెట్టలేదు.

"ఇటైతే పైకి. ఇటైతే కిందికి. నెమ్మదిగా జరుపు."

"తెలుసు. దిగు నువ్వు."

బాబీ దిగి వెళ్లి పాడె ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ధనరాజు కర్ర వేరే ఎవరికో ఇచ్చేసి, మొయ్యలేకపోయినా, పక్కనే పాడె మీద చెయ్యి వేసి నడిచాడు. వెనక పెట్టె మొదలైంది. దాని మీద ఇంకో స్వరం నిలిచింది, కొంచెం తడబడింది, జారింది. తరువాత ఏమైందో బాబీకి తెలియలేదు. దెబ్బ అతని గుండెల్లో కొడుతోంది, పాడె వెదుళ్లు అరచేతిలో వణుకుతున్నాయి, కీచురాయి మోగుతోంది, ఆపైన చెవికొక రకంగా రెండు పాటలు కొట్టుకుంటున్నాయి.

"కలిసిందా పెదనాన్నా?" అని అడిగాడు.

ధనరాజు వెనక బండి వైపు చెవి పెట్టాడు. శ్రుతి నిలబడకపోతే ఎంత పెద్ద సభలోనైనా గొంతెత్తని మనిషి ఆయన. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, పళ్లు లేని నోరు పెద్దగా తెరుచుకుంది. పద్యం అందుకున్నాడు. వెనక జట్టు మిగతావాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు. బాబీకి రెండు చెవుల్లో ఇద్దరు ధనరాజులు పాడుతున్నారు. వాళ్లలో ఏ ధనరాజు మావ శ్రుతిలో ఉన్నాడో తెలియక, అతను భుజం మార్చుకోకుండా, పక్కన నడిచే మనిషి నోటి వంకే చూస్తూ కాటిదాకా నడిచాడు.